ఒడ్డెక్కిన బోటు ఒరిగిపోతే డబ్బులు ఎవరు కట్టుకోవాలి?

పోయినేడాది మే నెలలో ఒక రాత్రి విశాఖలో గాలివాన కొట్టింది. తుఫానేం కాదు, మామిడికాయలు రాల్చి రెండు గంటలు కరెంటు తీయించి పోయే మామూలు వేసవి వాన. తెల్లారి ఆరున్నరకి మా వీధిలో ఉండే అన్నకి, బోట్లు ఒడ్డెక్కించి పెట్టే యార్డు నుంచి ఫోను వచ్చింది. "అన్నా, మీ బోటు ఒరిగిపోయింది, ఓసారి రండి." 32 అడుగుల ఫైబర్ బోటు అది, లోపల ఇంజను, వెనక చిన్న క్యాబిను. ఏప్రిల్ 15న సముద్రంలో చేపల వేట నిషేధం మొదలవగానే ఒడ్డెక్కించి, అడుగున ప్యాచ్ వేయించి, ఇంజను పని చేయించి, జూన్ 14తో నిషేధం అయిపోగానే మళ్లీ నీళ్లలోకి దింపాలన్నది లెక్క. మేం వెళ్లేసరికి కుడివైపుకి పడుకుని ఉంది. పడేటప్పుడు ఆసరాగా పెట్టిన ఇనప స్టాండే పొట్టలోకి దిగబడింది, చుక్కాని వంగిపోయింది, లోపల విప్పి పెట్టిన ఇంజను సామాన్లు వాననీళ్లలో నానుతున్నాయి.

యార్డాయన మంచి మనిషే. టీ తెప్పించాడు. "గాలికి పడిపోయింది గదన్నా, దానికి మనమేటి చేస్తాం, అనుకోకుండా జరిగింది" అన్నాడు. ఆ తర్వాత మెల్లగా రసీదు తిప్పి వెనకాల చిన్న అక్షరాల్లో ఉన్న లైను చూపించాడు: బోట్లు యజమానుల సొంత పూచీ మీద మాత్రమే ఉంచబడును. అన్న నా వైపు చూశాడు. ఇన్సూరెన్స్ కాగితాలు చదవడం నా ఉద్యోగం, నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది అందుకే.

ఆ రోజు నుంచి ఇదే ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో. సముద్రంలో ఏమైనా జరిగితే ఎవరి దగ్గరికి వెళ్లాలో మనవాళ్లకి కొంచెం తెలుసు, నేల మీద నిలబెట్టిన బోటుకి దెబ్బ తగిలితే మాత్రం ఇటు యజమానికీ తెలీదు, అటు యార్డుకీ తెలీదు, ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల మాట నెగ్గుతుంది. కాబట్టి కూర్చుని విడదీసి చూద్దాం.

గొడవంతా "అనుకోకుండా" అనే మాట దగ్గర మొదలవుతుంది. అనుకోకుండా జరిగింది అంటే ఎవరి తప్పూ లేదు అని మనం అర్థం చేసుకుంటాం. చట్టం అలా చూడదు. ఎవడూ కావాలని బోటు పడగొట్టడు, అది అందరికీ తెలిసిందే. చట్టం అడిగేది వేరు: ఆ రాత్రి బోటు ఎవరి చేతుల్లో ఉంది? ఆ చేతుల్లో ఉన్నవాడు తన సొంత బోటయితే తీసుకునేంత జాగ్రత్త తీసుకున్నాడా? ఈ రెండింటికీ జవాబు దొరికితే మిగతావన్నీ దాని వెంట వస్తాయి.

మన 1872 కాంట్రాక్ట్ చట్టంలో దీనికి బెయిల్‌మెంట్ అని పేరు. జైలు బెయిలుకీ దీనికీ సంబంధం లేదు, తెలుగులో చెప్పుకోవాలంటే అప్పగింత అనుకోండి. ఒక పని కోసం వస్తువుని ఇంకొకళ్ల చేతికి ఇస్తాం, పని అయ్యాక తిరిగి ఇచ్చేస్తారు, అంతే. డ్రైక్లీనింగ్‌కి ఇచ్చిన పట్టుచీరా అదే, వాచీ షాపులో ఇచ్చిన వాచీ అదే, యార్డులో పెట్టిన బోటూ అదే. 151వ సెక్షన్ ఏమంటుందంటే, తీసుకున్నవాడు, మామూలు బుద్ధి ఉన్న మనిషి అలాంటి పరిస్థితిలో, అంతే పరిమాణం, అంతే విలువ ఉన్న తన సొంత వస్తువుని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలి. దాని పక్కనే 152 ఉంది: ఆ పాటి జాగ్రత్త తీసుకున్నాక కూడా నష్టం జరిగితే, వేరే ఒప్పందం లేనప్పుడు అతని మీద బాధ్యత లేదు. అంటే యార్డు అనేది ఇన్సూరెన్స్ కంపెనీ కాదు, ఏం జరిగినా కట్టాల్సిన పని లేదు. అలాగని చేతులు దులుపుకోవడమూ కుదరదు.

ఇంకో ముక్క, చాలామందికి తెలీనిది. 151లో "అన్ని రకాల అప్పగింతల్లోనూ" అని ఉంది. డబ్బులు తీసుకున్నా తీసుకోకపోయినా కొలత ఒకటే. "నేను ఊరికే పెట్టుకోనిచ్చాను కదా" అనే బావమరిదికి కూడా ఇదే వర్తిస్తుంది. చుట్టాల స్థలంలో బోటు పెట్టేవాళ్లూ, పెట్టించుకునేవాళ్లూ కాస్త గుర్తుంచుకోవాలి.

కానీ మెలిక ఇక్కడే ఉంది. యార్డులో బోటు ఉన్నంత మాత్రాన అది అప్పగింత అయిపోదు. కొన్నిచోట్ల అద్దెకి ఇచ్చేది ఖాళీ జాగా మాత్రమే. మీ బోటు మీరే తెచ్చుకుంటారు, మీ మనుషులే నిలబెట్టుకుంటారు, తాళం మీ దగ్గరే ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు వస్తారు, పోతారు. అప్పుడు ఆ స్థలం ఆయనకి మీ బోటు మీద పట్టే లేదు, మీకు ఇచ్చింది అక్కడ పెట్టుకోవడానికి అనుమతి, అంతే. ఖాళీ స్థలంలో పది రూపాయలు తీసుకుని బండి పెట్టుకోనిచ్చేవాడికీ, తాళం తీసుకుని తనే పార్క్ చేసే హోటల్ కుర్రాడికీ ఉన్న తేడా ఇది. రెండో సందర్భంలోనే వస్తువు చేతులు మారింది. మరి యార్డులో? బోటుని లేపింది ఎవరు, దిమ్మెల మీద నిలబెట్టింది ఎవరు, స్టాండ్లు ఎవరివి, మీకు చెప్పకుండా దాన్ని అటూ ఇటూ జరిపే అధికారం వాళ్లకి ఉందా, గేటు తాళం ఎవరి దగ్గర, రాత్రి వాచ్‌మన్ ఎవరి మనిషి? ఇవన్నీ యార్డు వైపే ఉంటే రసీదు మీద "స్థలం అద్దె" అని రాసినా అది అప్పగింతే అని వాదించడానికి బలంగా ఉంటుంది.

అన్న బోటు విషయంలో తాళం యార్డు ఆఫీసులో మేకుకి వేలాడుతోంది. నిలబెట్టింది వాళ్ల మనుషులే. కాబట్టి మొదటి ప్రశ్నకి జవాబు తేలికగానే వచ్చింది.

ఇక రుజువు సంగతి. అర్ధరాత్రి వానలో బోటు ఎలా పడిందో యజమానికి ఎలా తెలుస్తుంది? ఇంట్లో పడుకుని ఉంటాడు. అందుకే అప్పగింత కేసుల్లో రుజువు చేయాల్సిన బరువు తిరగబడుతుంది. బోటు బాగున్నప్పుడు ఇచ్చాను, పాడైపోయి వచ్చింది అని యజమాని చూపిస్తే చాలు, నేను తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకున్నాను అని చూపించాల్సింది పెట్టుకున్నవాడు. ఒక విషయం ఎవరికి మాత్రమే తెలిసే వీలుందో వాళ్లే దాన్ని రుజువు చేయాలన్నది పాత సాక్ష్య చట్టంలోనూ ఉంది, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఉంది. కాకపోతే "బాగున్నప్పుడు ఇచ్చాను" అన్నది మీరు చూపించాలి. అక్కడే మనవాళ్లు బోల్తా పడతారు, ఎందుకంటే ఎవరి ఫోన్లోనూ ఆ రోజు తీసిన ఒక్క ఫొటో ఉండదు, పుట్టినరోజు కేకు ఫొటోలు నాలుగొందలు ఉంటాయి.

రసీదు వెనక ఆ "సొంత పూచీ" లైను సంగతి చూద్దాం. దీని మీద సుప్రీంకోర్టు 2019 నవంబరులో ఒక తీర్పు ఇచ్చింది, బోటు గురించి కాదు, కారు గురించి. 1998లో ఢిల్లీలో తాజ్‌మహల్ హోటల్‌కి వెళ్లిన ఒకాయన మారుతీ జెన్ కారు తాళాన్ని వాలెట్ పార్కింగ్‌కి ఇచ్చాడు, చేతికి ఇచ్చిన టోకెన్ మీద యజమాని పూచీ మీదే అని రాసి ఉంది, తిరిగొచ్చేసరికి కారు పోయింది. కారు తాళం తీసుకున్నాక అది అప్పగింతే, కారు ఎందుకు పోయిందో హోటలే చెప్పుకోవాలి, తన వైపు నిర్లక్ష్యం ఉన్నప్పుడు ఆ టోకెన్ మీది ముక్క అడ్డం పెట్టుకుని తప్పించుకోవడం కుదరదు అని కోర్టు తేల్చింది. ఇది అన్న కేసుకి అచ్చు గుద్దినట్టు సరిపోతుందా అంటే, అది హోటలు, ఇది యార్డు, తేడాలు వెతికేవాళ్లు వెతుకుతారు. కానీ సూత్రం ఒకటే. ఆ లైను చూసి వెనక్కి తిరిగి వచ్చేయకండి. అలాగని దానికి విలువే లేదనుకోకండి: నిజంగా యార్డు చేతుల్లో లేని కారణంతో నష్టం జరిగితే, ఆ లైను వాళ్లకి పనికొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. బోటు ఎందుకు పడుతుంది? ఇది తెలీకుండా చట్టం ఎంత చదివినా ఉపయోగం లేదు, ఎందుకంటే "మామూలు బుద్ధి ఉన్న మనిషి తీసుకునే జాగ్రత్త" అంటే ఏంటో చెప్పేది ఈ పని తెలిసినవాళ్లే.

నీళ్లలో ఉన్నప్పుడు బోటు బరువుని అడుగంతా కలిసి మోస్తుంది. ఒడ్డు మీద ఆ బరువంతా మధ్యలో ఉండే అడుగు దూలం కింద పెట్టిన చెక్క దిమ్మెల మీద పడాలి. పక్కల పెట్టే స్టాండ్లు బరువు మోయడానికి కాదు, ఒరగకుండా ఆపడానికి. తాతగారు గోడకి ఆనుకుని కూర్చున్నట్టు, బరువు నేల మీద, ఆసరా గోడ. ఇది తెలీనివాళ్లు స్టాండ్లని బిగించి బిగించి బోటుని వాటి మీద వేలాడదీస్తారు, దాంతో స్టాండు తగిలేచోట ఫైబర్ లోపలికి నొక్కుకుపోతుంది. స్టాండు కాళ్ల కింద చెక్కపలక వేయాలి, లేకపోతే వాన పడి మట్టి మెత్తబడగానే ఒక కాలు దిగబడుతుంది. ఎదురెదురు స్టాండ్లని బోటు కిందుగా గొలుసుతో కలిపి కట్టాలి, అప్పుడు ఏదీ బయటికి జారిపోదు. ఇవేవీ పెద్ద ఖర్చు కాదు, గొలుసూ నాలుగు పలకలూ.

తర్వాత నీళ్లు. అడుగున నీళ్లు వదిలే బిరడా ఒకటి ఉంటుంది, ఒడ్డెక్కించగానే తీసేయాలి. తీయకపోతే ఏమవుతుందో ఒక లెక్క: పైన వాన పడే జాగా 20 చదరపు మీటర్లు అనుకోండి, 100 మిల్లీమీటర్ల వాన పడితే 2 ఘనపు మీటర్ల నీళ్లు, అంటే 2 టన్నులు. అదీ కదలకుండా ఉండదు, బోటు కొంచెం ఒరగ్గానే నీళ్లన్నీ అటే పరిగెడతాయి, ఒరిగినదాన్ని ఇంకా ఒరిగిస్తాయి. ఇక గాలి. గాలి వేగం రెండింతలయితే అది నెట్టే బలం నాలుగింతలవుతుంది. దాని మీద మనం పెద్ద టార్పాలిన్ కప్పి నాలుగు మూలలా స్టాండ్ల కాళ్లకే కట్టేస్తాం, దగ్గర్లో కట్టడానికి అవే ఉంటాయి కాబట్టి. గాలికి టార్పాలిన్ ఎగిరి కొట్టుకుంటుంటే ప్రతి కుదుపుకీ స్టాండు ఒక్కో అంగుళం జరుగుతుంది. పని తెలిసిన యార్డుల్లో టార్పాలిన్ తాడుని స్టాండుకి కట్టనివ్వనే కట్టనివ్వరు.

మరి అన్న బోటుకి ఏం జరిగింది? ఫొటోలు తీసుకుంటూ చుట్టూ తిరుగుతుంటే కథ కొంచెం కొంచెం బయటికొచ్చింది. స్టాండ్ల మధ్య గొలుసులు లేవు, అది యార్డు తప్పు. కాళ్ల కింద పలకలు మూడింటికే ఉన్నాయి, అదీ యార్డుదే. కానీ కుడివైపు మధ్య స్టాండు అసలు చోట లేదు. ఎందుకంటే ఆ స్టాండు ఉన్నచోటే ప్యాచ్ వేయాలని, మూడు రోజుల ముందు ఫైబర్ మేస్త్రీ దాన్ని జరిపి పని చేసుకుని, రెండడుగులు పక్కకి పెట్టి వెళ్లాడు. ఆ మేస్త్రీని తెచ్చుకున్నది అన్నే, యార్డు మనిషి కాదు. పైగా టార్పాలిన్‌ని స్టాండ్లకి కట్టింది అన్న బోటు మీద పనిచేసే కళాసీలే. అది విన్నాక అన్న టీ గ్లాసు కింద పెట్టేసి కాసేపు ఏం మాట్లాడలేదు.

నిజం చెప్పాలంటే చాలా కేసులు ఇలాగే ఉంటాయి. ఒక్కడే పూర్తిగా దోషి, ఇంకొకడు పూర్తిగా నిర్దోషి అనేది సినిమాల్లోనే. బోటు యార్డు చేతుల్లో ఉన్నా మధ్యలో కొన్ని గంటలు మీ మేస్త్రీ చేతుల్లోకి వచ్చింది, మళ్లీ వెళ్లింది. అతను స్టాండు జరిపితే జరిగిన నష్టంలో మీ వాటా ఉంటుంది. అయితే యార్డు అక్కడితో బయటపడదు: మేస్త్రీ వెళ్లాక మూడు రోజులు అందరూ ఆ బోటు పక్కనుంచే నడిచారు, ఒక్కరైనా చూసి సరిచేశారా? సొంత బోటయితే చూసేవాడు కదా? స్టాండ్లు జరపకూడదు, జరపాలంటే మా మనిషిని పిలవాలి అని యార్డు ఎక్కడైనా బోర్డు పెట్టిందా, నోటితో అయినా చెప్పిందా? ఈ ప్రశ్నలకి వచ్చే జవాబుల్ని బట్టే వాటాలు తేలతాయి, సగం సగమా, ముప్పాతికా పాతికా అన్నది.

యజమాని వైపు ఇంకో బాధ్యత కూడా ఉంది, 150వ సెక్షన్. అప్పగించే వస్తువులో తనకి తెలిసిన లోపం ఉంటే, దానివల్ల అవతలివాడికి ప్రమాదం ఉంటే, ముందే చెప్పాలి. ట్యాంకులో ఇంధనం ఉంది, పైపు కారుతోంది, అడుగు దూలంలో పుచ్చు ఉంది, ఇలాంటివి. చెప్పకుండా పెట్టి, వెల్డింగ్ నిప్పురవ్వకి అంటుకుని యార్డు షెడ్డు కాలిపోతే, బిల్లు అటునుంచి ఇటు వస్తుంది.

"గాలికి పడింది" అన్న వాదన కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే విశాఖలో ఎవరిని అడిగినా మొదట వచ్చే మాట ఇదే. దైవాధీనం అనే వాదన చట్టంలో ఉంది. కానీ దానికి రెండు షరతులు: మనిషి ఊహించలేనిదై ఉండాలి, జాగ్రత్త పడినా ఆపలేనిదై ఉండాలి. మే నెలలో గాలివాన వస్తుందని ఇక్కడ ఐదో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. కాబట్టి ఆ రాత్రి వాన దైవాధీనం కాదు, వేసవి.

మరి హుద్‌హుద్? 2014 అక్టోబరు 12న అది నేరుగా మన ఊరి మీదే తీరం దాటింది, గాలి గంటకి 180 కిలోమీటర్ల దాకా వెళ్లింది, ఎయిర్‌పోర్టు కప్పే లేచిపోయింది. అలాంటి గాలికి, బాగా నిలబెట్టిన బోటు పడినా యార్డుని తప్పుపట్టడం కష్టం. అయినా ఒక్క మాట. ఆ తుఫాను చెప్పకుండా రాలేదు. అండమాన్ దగ్గర వాయుగుండం మొదలైన దగ్గర్నుంచి తీరం దాటేదాకా రోజుల తరబడి వాతావరణ కేంద్రం చెబుతూనే ఉంది, రేవుల్లో ప్రమాద సూచికల నంబర్లు పెంచుతూ పోయారు. గాలిని ఆపలేకపోవడం వేరు, ఆ నాలుగు రోజుల్లో ఏం చేశావన్నది వేరు. టార్పాలిన్లు విప్పించావా, అదనంగా ఆసరాలు పెట్టావా, యజమానులకి ఫోన్ చేశావా, ఎత్తుగా ఉన్న బోట్లని కిందకి దించావా? ఇవన్నీ చేసి కూడా పడితే దైవాధీనం. ఏం చేయకుండా పడితే గాలి ఒక సాకు. 2020 అక్టోబరులో వాయుగుండానికి లంగరు ఆగక బంగ్లాదేశ్ ఓడ ఎంవీ మా తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చినప్పుడు మనమంతా వెళ్లి సెల్ఫీలు తీసుకున్నాం. అంత పెద్ద ఇనప ఓడనే నెట్టుకొచ్చిన గాలి ముందు నాలుగు స్టాండ్లు ఎంత అని యార్డాయన నాతో అన్నాడు. నిజమే. కానీ మే నెల వానకి కూడా అదే ఉదాహరణ చెబితే ఎలా?

పక్క బోటు మీ బోటు మీద పడితే ఇంకో చిక్కు. ఆ బోటు యజమానిని పట్టుకోవాలా, యార్డునా? మళ్లీ అదే ప్రశ్న: అది ఎవరి చేతుల్లో ఉంది? యార్డు నిలబెట్టిన బోటయితే యార్డునే అడగాలి, పాపం ఆ యజమాని బోటు కూడా పోయింది. అతను యార్డు వద్దన్నా వినకుండా పైన ఏదో ఎత్తుగా కట్టి ఉంటే, లేదా తనే నిలబెట్టుకుని ఉంటే అతన్నీ కలపాలి. మీ బోటు యార్డు చేతుల్లో ఉండగా మూడోవాడు పాడుచేస్తే, వాడి మీద కేసు వేసే హక్కు మీకూ ఉంది, యార్డుకీ ఉంది, 180వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది.

అయితే హక్కు ఉండటం, డబ్బు చేతికి రావడం ఒకటి కాదు. 2023 నవంబరు 19 రాత్రి మన ఫిషింగ్ హార్బర్‌లో మంటలు ఒక బోటు నుంచి పక్కదానికి, దాన్నుంచి ఇంకోదానికి అంటుకుని 40 దాకా బోట్లు కాలిపోయాయి. అవి నీళ్లలోనే ఉన్నాయి, కానీ పక్కపక్కనే ఆనించి కట్టడం, ఒకరి నిర్లక్ష్యం అందరి మీద పడటం ఒడ్డు మీదా అంతే. ఒక్కో బోటు లక్షలు చేస్తుంది. నిప్పు ఎవరి వల్ల అంటుకుందో తేలిందే అనుకుందాం, అంత డబ్బు కట్టగలిగిన మనిషి అయి ఉండాలి కదా. అప్పుడు ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం ఇస్తామని ప్రకటించింది కాబట్టి కొంత ఊపిరి పీల్చుకున్నారు. ప్రతిసారీ అలా జరగదు. మీ బోటొక్కటే యార్డులో పడిపోతే ఏ మంత్రీ చూడ్డానికి రాడు.

క్రేను గురించి తొందరగా. బోటుని ఎత్తేటప్పుడు, దించేటప్పుడే ఎక్కువ దెబ్బలు తగులుతాయి: బెల్టు జారడం, ప్రొపెల్లర్ షాఫ్టు మీద బెల్టు పడటం, ట్రాలీ తగిలి చుక్కాని వంగడం. యార్డు పిలిచిన క్రేను అయితే మీరు యార్డునే అడగాలి, క్రేనువాడితో తేల్చుకోవడం వాళ్ల పని. మీరు పిలిచిన క్రేను అయితే మీకూ అతనికీ. "నా బండికి ఇన్సూరెన్స్ ఉంది సార్" అంటాడు, నమ్మేయకండి. క్రేను రోడ్డు మీద వెళ్తూ ఎవరినైనా గుద్దితే ఉండే కవరు వేరు, ఎత్తే పని చేస్తున్నప్పుడు కొక్కేనికి వేలాడుతున్న సరుకుకి ఉండే కవరు వేరు. రెండోది విడిగా తీసుకోవాలి, చాలామంది తీసుకోరు. నేను చూసిన కాగితాల్లో ఎక్కువ శాతం గొడవ ఇక్కడే.

మీ పాలసీ కూడా ఓసారి తిరగేయండి. బోటుకి తీసుకున్న పాలసీలో ఒడ్డు మీద ఉన్నప్పుడు, ఎత్తేటప్పుడు దించేటప్పుడు కవరు ఉందా, ఉంటే ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఏ స్థలంలో, ఒడ్డు మీద వెల్డింగ్ లాంటి నిప్పు పని చేయించాలంటే ముందు చెప్పాలా, ఇవన్నీ ఉంటాయి. మత్స్యకారులకి ప్రభుత్వం చేయించే సామూహిక ప్రమాద బీమా మనుషులకి మాత్రమే, బోటుకి కాదు, ఈ రెండింటినీ కలిపేసుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లని చాలామందిని చూశాను. ఇంకోటి: ఇన్సూరెన్స్ కంపెనీ మీకు డబ్బు కట్టాక, యార్డు మీద మీకున్న హక్కు వాళ్లకి వెళ్తుంది. కాబట్టి మధ్యలో మొహమాటానికి పోయి "యార్డు తప్పేం లేదు" అని సంతకం పెట్టి ఇచ్చారంటే, మీ కంపెనీ వసూలు చేసుకునే దారిని మీరే మూసేసినట్టు, క్లెయిమ్‌కే ఎసరు రావచ్చు.

ఎంత అడగొచ్చు? బాగుచేయించడానికి అయ్యే ఖర్చు ఎలాగూ అడుగుతాం. పాత ఇంజను పోతే కొత్త ఇంజను ధర అడిగితే మాత్రం తరుగు తీసేస్తారు, అది న్యాయమే. వేటకి వెళ్లలేకపోయిన రోజుల సంగతి కొంచెం తిరకాసు. 73వ సెక్షన్ ప్రకారం, మామూలుగా జరిగే నష్టం, లేదా ఒప్పందం చేసుకునేటప్పుడే ఇద్దరికీ తెలిసిన నష్టం ఇప్పిస్తారు. నిషేధం తర్వాత మొదటి వారం వేట ఎంత విలువైనదో విశాఖలో బోటు యార్డు నడిపేవాడికి తెలీదంటే ఎవరూ నమ్మరు, అయినా "జూన్ 15కి దింపాలి" అని రసీదు మీద రాయించుకుంటే ఆ వాదనే అక్కర్లేదు. దాంతోపాటు, నష్టం పెరగకుండా చూసుకోవడం మీ పని కూడా. ఇంజనులో ఉప్పునీళ్లో వాననీళ్లో చేరితే ఆ రోజే కడిగించి ఆరబెట్టించాలి. యార్డు మీద కోపంతో పది రోజులు అలాగే వదిలేసి తుప్పు పట్టాక బిల్లు పంపితే, ఆ తుప్పు ఖర్చు మీదే.

ఈలోగా యార్డు "నా అద్దె కట్టేదాకా బోటు కదలనివ్వను" అంటే? బోటు మీద పనితనంతో కూడిన పని ఏదైనా వాళ్లు చేసి ఉంటే, ఆ కూలి అందేదాకా ఆపే హక్కు 170వ సెక్షన్ ఇస్తుంది. ఊరికే ఉంచినందుకు ఆ సెక్షన్ కింద ఆపడం కష్టం, ఒప్పందంలో ఒప్పుకుని ఉంటే తప్ప. అందుకే ఆ రసీదు వెనక చిన్న అక్షరాలు ముందే చదవమనేది.

మాటలతో తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఒక దారి. లాభాల కోసం నాలుగైదు బోట్లు తిప్పే పెద్ద యజమాని అక్కడ వినియోగదారుడు కాడు, సివిల్ కోర్టుకి వెళ్లాలి, అక్కడ మామూలుగా మూడేళ్ల గడువు. తన పొట్టపోసుకోవడానికి తనే వేటకి వెళ్లే ఒక బోటు మనిషికి మాత్రం 2019 చట్టంలో చోటుంది. రెండేళ్లలోపు వేయాలి, యార్డుకి కట్టిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు కూడా ఉండదు.

పెద జాలరిపేటలోనో మంగమారిపేటలోనో ఇసుక మీద లాగిపెట్టిన పడవలకి ఇదేం వర్తించదు. అక్కడ అప్పగింత లేదు, రసీదు లేదు, కాపలా ఎవరి కళ్లు వాళ్లవే. ఎవరిదైనా తప్పుంటే మామూలు నిర్లక్ష్యం కింద అడగాలి, అడిగేది కోర్టులో కాదు, ఊరి పెద్దల ముందు. అక్కడ లెక్కలు తొందరగా తేలతాయి, మనకంటే.

అన్న కథ ఎలా తేలిందంటే, రెండు రోజులు మాట్లాడుకున్నారు, మధ్యలో ఒకసారి అరుచుకున్నారు. చివరికి పొట్టలో పడ్డ బొక్క, చుక్కాని యార్డు బాగుచేయించింది. ఇంజను కడిగించిన ఖర్చు అన్న పెట్టుకున్నాడు. మేస్త్రీ ఆ ప్యాచ్ కూలిలో సగం వదులుకున్నాడు, ఎవరూ అడక్కుండానే. బోటు జూన్ 24న దిగింది, ఆ తొమ్మిది రోజుల వేట ఎవరి ఖాతాలోనూ పడలేదు.

ఈ ఏడాది కూడా అదే యార్డు. ఏప్రిల్ 16 పొద్దున బోటు నిలబెట్టగానే అన్న చుట్టూ తిరిగి ఒక్కో స్టాండుకీ, గొలుసుకీ, పలకకీ ఫొటో తీస్తుంటే యార్డాయన "ఏటన్నా, పెళ్లి ఆల్బమా?" అని నవ్వాడు. తర్వాత ఆయన కూడా ఫోన్ తీసి టార్పాలిన్ తాళ్లు ఎక్కడ కట్టారో ఫొటోలు తీసుకున్నాడు. బిరడా తీసి అన్న చేతికి ఇచ్చాడు. అన్న బోటు తాళం ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు మీద టైముతో సహా రాయించుకున్నాడు, తొమ్మిదీ నలభై.